పెట్టెకి ఏమీ కాలేదు

ల్యాబ్‌లోని ఆ పెట్టెని ఇంటికి తీసుకెళ్తానంటే సార్ ఒప్పుకుంటాడని నేను అనుకోలేదు. ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాక చెప్పిన జాగ్రత్తలు వింటుంటే నాకిస్తున్నది పెట్టెనా, పురిటి బిడ్డనా అనిపించింది. ఆయన బెంగాలీ, మెత్తటి మనిషి, ప్రతి మాట చివరా "సాబ్ధానే" అంటాడు, జాగ్రత్త అని. ల్యాప్‌టాప్‌కి ఛార్జరు పెట్టి ఉండగా దీన్ని తగిలించకు, సాబ్ధానే. పాట నడుస్తుండగా పిన్ను గుచ్చకు, సాబ్ధానే. ముందు మల్టీమీటర్‌తో చూసుకో, ఆ తర్వాతే స్క్రూ బిగించు. నేను తల ఊపుతూనే ఉన్నాను. ఈ ఊళ్ళోని ఇంజనీరింగ్ విద్యాసంస్థలో ప్రాజెక్టు ఉద్యోగం నాది, ప్రాజెక్టు ఎన్నాళ్ళుంటే నేనూ అన్నాళ్ళే. అలాంటిదాని చేతికి ఖరీదైన సామాను ఇచ్చి పంపడం ఆయన మంచితనం.

దాని పూర్తి పేరు డేటా ఎక్విజిషన్ పరికరం. మేము పెట్టె అనే అంటాం. టిఫిన్ డబ్బా కన్నా చిన్నది. ఒక పక్క వరసగా స్క్రూలు, ఇంకో పక్క కంప్యూటర్‌కి తగిలించే తీగ. స్క్రూ కింద ఒక వైరు బిగిస్తే అందులో ఎంత వోల్టేజి వస్తోందో అది కొలుస్తూ ఉంటుంది, తెర మీద గీత కదులుతూ ఉంటుంది. పది వోల్టులు దాటి పెట్టకూడదని దాని ఒంటి మీదే అచ్చువేసి ఉంటుంది. మా నాన్న చెవుల మీద ఎవరూ ఏమీ అచ్చు వెయ్యలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

మాది రైల్వే కుటుంబం అని చెప్పుకోవడం ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళకి అలవాటు. నేను చెప్పుకుంటే అందులో నిజం సగమే. తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి వర్క్‌షాపులో చేరాడు, న్యూ సెటిల్‌మెంట్ క్వార్టర్లో పిల్లల్ని పెంచాడు. ఆయన రిటైరయ్యాక క్వార్టరు పోయింది. నాన్నకి రైల్వే ఉద్యోగం రాలేదు. ఊరి బయట ఒక ప్రైవేటు షాపులో చేరాడు. ఎర్రగా కాలిన ఇనుప దిమ్మని పవర్ హేమర్ కింద పెట్టి సాగగొట్టే పని. ఆ ఇనుము చివరికి రైళ్ళకే పోతుందని ఆయనకో తృప్తి. మేము సుభాష్‌పల్లిలో అద్దెకుంటాం. పూరీ గేట్ దగ్గర చుట్టాల ఇంటికి వెళ్తే ఎవరో ఒకరు "నువ్వూ రైల్వేయే కదేటి" అంటారు. నాన్న జవాబు చెప్పడు. వినిపించలేదు కాబోలు అనుకుంటారు వాళ్ళు. ఆ ఒక్క మాటా ఆయనకి బాగానే అందుతుంది.

హేమర్ షాపులో నోటితో మాట్లాడుకోవడం ఉండదు. ఆ మోతలో గొంతు చించుకున్నా లాభం లేదు. పెదాలు కదుపుతారు, చేతులు ఊపుతారు, అంతే. అక్కడి పద్ధతే మా ఇంటికీ వచ్చింది. నాన్నతో మాట్లాడాలంటే ఎదురుగా రావాలి. ముందు భుజం తట్టాలి, ఆయన మన వైపు తిరగాలి, వెలుగు మన మొహం మీద పడేలా నిలబడాలి, అప్పుడు చెప్పాలి. వెనకనుంచి పిలవడం మా ఇంట్లో మర్యాద కాదు. అమ్మకి ఇది కాపురానికొచ్చిన కొత్తలో అలవాటు చేశారట. నేను దాంట్లోనే పుట్టాను. చిన్నప్పుడు స్నేహితుల ఇళ్ళలో పిల్లలు వంటింట్లోంచి "నాన్నా" అని కేకలేస్తుంటే, పాపం వీళ్ళకి పద్ధతి నేర్పలేదు అనుకునేదాన్ని. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అనే సామెత వీధంతా వాడుతుంది గానీ మా గుమ్మం లోపల ఎవరూ వాడరు.

చెవుల్లో ఆవనూనెలో ముంచిన దూది పెట్టుకుని వెళ్తాడు నాన్న. ఆయన రక్షణ అదే. కంపెనీ దగ్గర చెవులకి పెట్టుకునే మఫ్‌లు లేకపోలేదు. తనిఖీకి ఎవరైనా వస్తున్నారంటే బీరువాలోంచి బయటికొస్తాయి, వాళ్ళు జీపెక్కగానే మళ్ళీ బీరువాలోకి పోతాయి. అవి చెక్కు చెదరకుండా ఉన్నాయని నాన్నే ఒకసారి నవ్వుతూ చెప్పాడు. నాకు నవ్వు రాలేదు.

ఈ గొడవ మొదలైంది క్రేన్ దగ్గర. నాన్నతో పాటు పనిచేసే ఒడియా మావయ్య ఒకాయన పక్క వీధిలో ఉంటాడు. చుట్టం కాదు, పుట్టినప్పటినుంచీ మావయ్య అనే పిలుస్తున్నాను. ఒకరోజు సాయంత్రం నాన్న స్నానానికి వెళ్ళిన అదను చూసి గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మా, నీకు సెప్పకూడదు. సెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఇయాల క్రేను దిమ్మని మోసుకొస్తంది. క్రేను నడిపేవోడు గంట కొట్టినాడు, మల్లీ కొట్టినాడు. మీ నాన్న అటేపు తిరిగి నిలబడిపోయినాడు. కాలరు పట్టుకుని లాగినాను. నేకపోతే..." అని చేత్తో గాలిలో ఏదో తుడిచేసినట్టు చూపించి వెళ్ళిపోయాడు.

ఆ పూట అన్నం దగ్గర నాన్నకి ఎదురుగా కూర్చున్నాను. క్రేన్ గంట సంగతి అడిగాను.

"గంట మోగనేదు," అన్నాడు.

"మోగింది నాన్నా. మావయ్య విన్నాడు."

"ఆడి సెవులు ఆడివి, నా సెవులు నావి. నాకు ఇనిపిస్తంది."

హేమర్ దగ్గర్నుంచి తప్పించి ప్యాకింగ్ షెడ్డులో వెయ్యమని అడగమన్నాను. ప్యాకింగ్ షెడ్డులో క్రేన్ ఉండదు, ఎర్ర దిమ్మలుండవు. "అట్టపెట్టెలు కట్టుకోడానికేటి నాను పుట్టినాను" అన్నాడు. చెవి డాక్టరు దగ్గరికి పోదామంటే అసలే వద్దన్నాడు. ఆ డాక్టరు గుమ్మంలో ఎవరైనా చూస్తే తెల్లారేసరికి కంపెనీలో తెలిసిపోతుందట. అమ్మ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తూ పులుసు వడ్డించింది. చివరికి నేనే ఒక ఒప్పందం పెట్టాను. ఇంట్లోనే, నా ల్యాప్‌టాప్‌తో పరీక్ష చేస్తాను. వినిపించలేదని తేలితే షెడ్డులోకి మార్చమని అడగాలి. వినిపిస్తే ఈ మాట నేను జన్మలో ఎత్తను.

నాన్న ఆలోచించాడు. "నీ లేప్‌టాపు మాట నాను నమ్మను. దాని సౌండు అది ఎక్కువ సేసుకుంటాది, తక్కువ సేసుకుంటాది. గేజి పెట్టి కొలిసి సెయ్, అప్పుడు నమ్ముతాను."

గేజి అంటే సాగగొట్టిన ఇనుము సరైన మందం ఉందో లేదో చూసే కొలత ముక్క. దాంట్లో పట్టని దిమ్మని నాన్న కన్నకొడుకైనా పక్కన పడేస్తాడు. అందుకని ల్యాప్‌టాప్ ఇయర్‌ఫోన్ కంతలోంచి వచ్చే సౌండు ఏ మెట్టులో ఎంత బలంగా ఉందో కొలవాలి. దానికోసమే పెట్టె.

ఆదివారం మధ్యాహ్నం మొదలుపెట్టాను. సార్ ఛార్జరు గురించి ఎందుకు అంత మొత్తుకున్నాడో మా ఇంటి గోడే చెప్పింది. మా స్విచ్ బోర్డులో మూడో కంత ఉంది, దాని వెనక వైరు లేదు. ఎర్తింగ్ అనే మాట ఇల్లు కట్టినవాడు విన్నట్టు లేడు. ఛార్జరు పెట్టి ల్యాప్‌టాప్ మూత మీద టెస్టర్ ఆనిస్తే ఎర్రగా వెలుగుతుంది, వేలు పెడితే చీమ కుట్టినట్టు చురుక్కుమంటుంది. పెట్టెకి హాని వస్తే పాట వల్ల రాదు, ఆ చురుకు వల్ల వస్తుంది. ఛార్జరు పీకేసి, బ్యాటరీ మీదే నడిపాను.

పాత ఇయర్‌ఫోన్ తీగ ఒకటి కోశాను. లోపల సన్నటి వైర్లు మూడు, ఎడమ చెవికొకటి, కుడి చెవికొకటి, రెంటికీ ఉమ్మడిది ఒకటి. ఏది ఏదో రంగుని నమ్ముకోకుండా మీటర్ పెట్టి తేల్చుకున్నాను. ఉమ్మడి వైరుని పెట్టె మీద గ్రౌండ్ అని రాసిన స్క్రూ కింద, ఎడమ వైరుని ఒక చిన్న రెసిస్టర్ గుండా పక్క స్క్రూ కింద బిగించాను. కుడి వైరు ఒంటరిగా తిరుగుతూ దేనికైనా తగిలితే ప్రమాదం, దాని మూతికి టేపు చుట్టాను. సౌండు పూర్తిగా తగ్గించి, అప్పుడు పిన్ను గుచ్చి, ఒక్కో మెట్టూ పెంచుకుంటూ వెళ్ళాను. తెర మీద చదునుగా ఉన్న గీత మెల్లగా అలలు పోసుకుంది. చివరి మెట్టుకి కూడా ఒక వోల్టు దాటలేదు. పెట్టెకి అది దోమ వాలినంత.

అమ్మ తలుపు దగ్గర నిలబడి ఇదంతా చూసింది. "ఏటే, దానికి దిష్టి కూడా తీస్తావేటి?" అంది. తర్వాత తనే, "మీ నాన్నకి ఇంత జాగర్త సేసినోడు ఒక్కడూ లేడు" అనుకుంటూ లోపలికి పోయింది.

కొలతలు అయ్యాక పెట్టె వైరు తీసి, అదే కంతలో హెడ్‌ఫోన్ గుచ్చాను. నాన్న స్నానం చేసి, తల దువ్వుకుని, పెళ్ళికి వెళ్ళేవాడిలా వచ్చి నా ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు. ఫ్యాన్ ఆపేశాం. రైల్వే యార్డులో షంటింగ్ చప్పుడు తగ్గేదాకా, వీధి చివర మైకు ఆగేదాకా ఆగాం. ఈ ఊళ్ళో నిశ్శబ్దం కావాలంటే రేషన్ బియ్యానికి నిలబడ్డట్టు నిలబడాలి. సౌండు వినిపించగానే చెయ్యెత్తాలి, అదే పరీక్ష అని చెప్పాను. మీట నొక్కాను. చెయ్యెత్తాడు. మెట్టు తగ్గించి నొక్కాను. ఎత్తాడు. అలా తగ్గించుకుంటూ అట్టడుగు మెట్టుకి వెళ్ళినా నాన్న చెయ్యి ఒక్కసారి తప్పలేదు.

"సూసినావా," అన్నాడు.

చూశాను. ఆ రోజు నాకు కలిగినంత సంతోషం నేను ఎమ్మెస్సీ పాసయిన రోజు కూడా కలగలేదు. మావయ్య భయపడి ఎక్కువ చెప్పాడులే అనుకున్నాను. అమ్మ సేమియా పాయసం చేసింది. నాన్న గిన్నె పట్టుకుని పక్క వీధికి వెళ్ళి మావయ్యకి కూడా ఇచ్చొచ్చాడు, తన చెవుల గెలుపు సంగతి చెప్పడానికే. ఇచ్చిన మాట ప్రకారం నేను నోరు మూసుకున్నాను, నాన్న యథాప్రకారం హేమర్ దగ్గరికి వెళ్ళాడు.

ఆ వారంలో ఒకరోజు సరదాకి హెడ్‌ఫోన్ నేనే పెట్టుకుని అట్టడుగు మెట్టు నొక్కి చూశాను. ఏమీ వినిపించలేదు. ఫ్యాన్ ఆపి, కిటికీ మూసి, ఊపిరి బిగబట్టి మళ్ళీ నొక్కాను. నాకు వినిపించనిది నాన్నకి ఎలా వినిపించింది? చదువుకున్నదాన్ని కదా, ముందు పరికరాన్నే అనుమానించాను. ల్యాప్‌టాప్ తనంతట తాను సౌండు పెంచే సదుపాయం ఏదైనా ఆ రోజు పనిచేసిందేమో, నా కొలత తప్పేమో, రెసిస్టర్ తేడా ఏమో అని రకరకాలుగా ఆలోచించాను. మనిషి వైపు మాత్రం నా ఆలోచన పోలేదు. అందుకు నా చదువుని ఎంత తిట్టుకున్నా తక్కువే.

ఆ తర్వాతి ఆదివారం మళ్ళీ అంతా సిద్ధం చేశాను. కొలత ఒకసారి సరిచూసి మళ్ళీ పరీక్ష పెడతానంటే నాన్న విసుక్కోలేదు. గెలిచే ఆట ఎన్నిసార్లయినా ఆడతాడు. వచ్చి ఎదురుగా కూర్చుని హెడ్‌ఫోన్ తనే తలకి పెట్టుకున్నాడు. నేను తెర వెనక హెడ్‌ఫోన్ పిన్ను పీకి పక్కన పెట్టి, కంతలో పెట్టె వైరు గుచ్చాను. ముందు అడుగు మెట్టు కొలుద్దామని మీట నొక్కాను. తెర మీద సన్నటి అల కదిలింది.

నాన్న చెయ్యెత్తాడు.

ఆ తలకున్న హెడ్‌ఫోన్ దేనికీ తగిలించి లేదు. సౌండు వెళ్తున్నది పెట్టెలోకి. పొరపాటున ఎత్తాడేమో అనుకుని ఇంకోసారి నొక్కాను. ఎత్తాడు. మూడోసారి మీట మీద వేలు పెట్టి, నొక్కకుండా ఊరికే ఉంచాను. దానికీ ఎత్తాడు.

నేను పక్కన పడున్న పిన్ను తీసి చూపించాను. నాన్న తేలు కుట్టిన దొంగలా ఆ పిన్ను వైపు చూశాడు. తర్వాత హెడ్‌ఫోన్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నీ మొకం సూసినాను," అన్నాడు. "నొక్కేముందు నీ కనుబొమ్మ లెగుస్తాది."

"నన్ను మోసం చేద్దామనా?"

"మోసమేటే. నాకు ఇనడమంటే ఇదే. సానా ఏళ్ళయి ఇలాగే ఇంటన్నాను. ఏది సెవిలోకొస్తందో ఏది కంటిలోకొస్తందో నాకూ తెలీదు." హెడ్‌ఫోన్ తీగ వేలికి చుట్టుకుంటూ మళ్ళీ అన్నాడు. "కంపెనీ కేంపుకొచ్చే డాక్టరు దాదా కూడా ఎదురుగానే కూకుంటాడు. శున్‌తే పాచ్చేన్, ఇనిపిస్తందా అంటాడు. పాచ్చి, ఇనిపిస్తంది అంటాను. ఫిట్ అని రాసేస్తాడు. ఏటా అంతే."

ఆ డాక్టరు ఎదురుగా కూర్చున్నాడంటే పని బేగి తెముల్చుకోడానికి. నేను ఎందుకు ఎదురుగా కూర్చున్నాను? మర్యాద కాబట్టి. ఏ వైరు ఏ స్క్రూకి తగలకూడదో అంతా చూసుకున్నాను. నా మొహం ఆయన కంట పడకూడదన్న ఒక్క సంగతీ నాకు తట్టలేదు. మా ఇంట్లో పుట్టినవాళ్ళెవరికీ తట్టదు.

కుర్చీని గోడ వైపు తిప్పమన్నాను. నా జీవితంలో నాన్నని నాకు వీపు పెట్టి కూర్చోమనడం అదే మొదటిసారి. హెడ్‌ఫోన్ పిన్ను సరిగ్గా గుచ్చి, ఒక్కో చెవికీ విడివిడిగా కింది మెట్టునుంచి మొదలుపెట్టాను. చెయ్యి మోకాలి మీదే ఉంది. మెట్టు పెంచాను, పెంచాను. చెయ్యి అక్కడే ఉంది. ఇంకా పెంచేసరికి హెడ్‌ఫోన్ పక్కల్లోంచి సన్నగా కూత బయటికే రావడం మొదలైంది. వంటింట్లోంచి అమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, "ఆ కూతేటే?" అంది. నాన్న గోడ వైపు చూస్తూ ఇంకా వింటూనే ఉన్నాడు, ఏదో వస్తుందని. కుడి చెవికి ఆఖరి మెట్టు దగ్గర వేలు కొంచెం లేచింది. ఎడమ చెవికి అసలు లేవలేదు. అమ్మ చూసి చూసి లోపలికి పోయి పొయ్యి ఆర్పేసింది.

నాన్న మాట తప్పే మనిషి కాదు. మర్నాడే వెళ్ళి సూపర్‌వైజరుని అడిగాడు, వినికిడి తగ్గింది, ప్యాకింగ్ షెడ్డులో వెయ్యమని. అతను అంతా విన్నాడట. "వినపడదని నువ్వే ఒప్పుకుంటున్నావు. వినపడనివాణ్ణి లోపల తిప్పితే రేపు ఏమైనా అయితే మా మీదికొస్తుంది. షెడ్డులో కూడా బళ్ళు తిరుగుతాయి. ఇంట్లో విశ్రాంతి తీసుకో" అన్నాడట. నాన్న టిఫిన్ డబ్బా మూత తియ్యకుండానే మధ్యాహ్నం ఇంటికొచ్చేశాడు. ఈ సంగతంతా గొంతు లేకుండా, ఉత్త పెదాలతోనే మాకు చెప్పాడు.

నేను ఊరుకోలేదు. గీతలన్నీ కాగితాల మీద తీసుకుని కంపెనీ గేటు దగ్గరికి వెళ్ళాను. ఈ చెవులు మీ హేమర్ కింద పోయినవే అన్నాను. సూపర్‌వైజరు కాగితాలు మర్యాదగానే చూశాడు. "ఇంట్లో చేసిన పరీక్షా? దీనికి విలువేముంది? మా దగ్గర ఏటా మీ నాన్న ఫిట్ అనే ఉంది కదా" అన్నాడు. నాన్నని ఇంటికి పంపడానికి మాత్రం నా కొలత సరిపోయింది. వాళ్ళ తప్పు చెప్పబోతే సరిపోలేదు. కొరివితో తల గోక్కోవడం అంటే ఏమిటో నాకు ఆ గేటు దగ్గర తెలిసొచ్చింది. తిరిగొస్తూ దారి పొడుగునా వాణ్ణి తిట్టాను, నన్ను తిట్టుకున్నాను, చెప్పకుండా ఉండాల్సిన మావయ్యని కూడా తిట్టాను. ఆయన ఆ రోజు కాలరు పట్టుకుని లాగాడు కాబట్టే నాన్న మాకు మిగిలాడని ఇల్లు చేరాక గుర్తొచ్చింది.

పెట్టెని ల్యాబ్‌లో అప్పగించాను. సార్ స్క్రూలన్నిటినీ ఒక్కొక్కటిగా తన మీటర్‌తో పరీక్షించాడు. ప్రతి ఛానల్లోనూ గీత చక్కగా వచ్చింది. "ఖూబ్ భాలో," అన్నాడు సంతోషంగా, చాలా బాగుంది అని. ఇంత జాగ్రత్తగా వాడేవాళ్ళు తక్కువని, కావాలంటే మళ్ళీ తీసుకెళ్ళమని చెప్పాడు. పెట్టెకి ఏమీ కాలేదు.

నాన్న ఇప్పుడు రోజంతా ఇంట్లోనే ఉంటాడు. ఉదయం అలవాటుగా తయారై వీధి గుమ్మంలో కుర్చీ వేసుకుంటాడు. చెవుల్లో దూది పెట్టుకోవడం మానలేదు. నన్ను ఒక్క మాట అనలేదు, అంటే బాగుండేది. నేను ఆఫీసునుంచి రాగానే నా మొహం వైపు చూస్తాడు. నేను నోరు తెరవకముందే, "ఏటి, ఈ పూట ఆపీసులో ఏటయినాది?" అని అడుగుతాడు. ఏమీ లేదంటే నమ్మడు, నా కనుబొమ్మల్ని నమ్ముతాడు.

అందుకని ఏడుపొస్తే నేను వెళ్ళి ఆయన వెనక నిలబడతాను. మా ఇంట్లో అది మర్యాద కాదు.